ఏ తప్పూ దొరకని పాట

ఈసారి కూడా ఏదో ఒకటి దొరక్కపోదులే, పక్కింటి కుక్క అరుపో, కుర్చీ కిర్రుమనడమో, వెతికితే దొరకనిదేముంది, అనుకుంటూ అతను హెడ్‌ఫోన్లు సర్దుకుని కూతురు పంపిన పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టాడు, పక్కన టీ చల్లారి మీగడ కట్టింది, తాగమని చెప్పేవాళ్ళు లేరు, చల్లారిందని సణిగితే వినేవాళ్ళూ లేరు, ముప్పై ఏళ్ళు రికార్డింగు స్టూడియోలో అద్దానికి ఇవతల కూర్చుని ఎన్ని గొంతులు శుభ్రం చేశాడో, ఎన్ని దగ్గులు కోసేశాడో, పాము చెవులయ్యా నీవి అనేవారు గాయకులు, పాముకు చెవులే ఉండవని ఆ మహానుభావులకు ఎవరు చెప్తారు, ఆ తర్వాత ఎవరింట్లో వాళ్ళే మైకు కొనుక్కుని పాడుకోవడం మొదలైంది, స్టూడియో కాస్తా పరుపుల దుకాణమైంది, ఇప్పటికీ అక్కడ మాట్లాడితే ప్రతిధ్వని రాదు, అదొక్కటే తృప్తి, చివరికి తన పొట్టకొట్టిన ఆ విద్యనే కూతురికి ఫోన్లో నేర్పుతున్నాడు, కొరివితో తల గోక్కోవడమంటే ఇదే, అయినా ఎంత హాయిగా ఉందో ఆ గోక్కోవడం.

తల్లితో వెళ్ళిపోయిన పిల్ల, పుట్టినరోజుకు ఓ సందేశం తప్ప మాటల్లేని పిల్ల, ఒకరోజు ఉన్నట్టుండి ఫోన్ చేసి, నాన్నా, ఇంట్లో పాడితే డబ్బాలోంచి పాడినట్టు వస్తోంది, ఏం చెయ్యను అంది, బీరువా తలుపులు తీసి బట్టలకు వీపు పెట్టి నిలబడమ్మా, ఎదురుగా దుప్పటి వేలాడదియ్యి, మైకుకు జానెడు దూరంలో ఉండు, అని ఫోనుకొకటి చొప్పున చెప్పాడు, ఒక తప్పు చెప్తే ఒక ఫోను, ఇంకో తప్పుకు ఇంకోటి, అందుకే అన్నీ ఒకేసారి చెప్పలేదు, కూర పొదుపుగా వడ్డించినట్టు ఒక్కొక్కటే చెప్పాడు, అక్కర్లేకపోయినా ఇంకో దుప్పటి వెయ్యమన్నాడు, నాన్నా, నన్ను పాడమంటావా ఉడకమంటావా అని నవ్వింది, ఆ నవ్వు తలుచుకుంటూ రెండ్రోజులు గడిపాడు.

ఇవాళ మాత్రం ఒక్కటీ దొరకడం లేదు, ఎంత వెతికినా, ఇంత శుభ్రమైన రికార్డింగు తన స్టూడియోలోనే రాలేదేమో, గర్వపడాల్సిందిపోయి దిగులేసింది, నువ్వు సరే అంటే రేపు అందరికీ వినిపిస్తాను అంది కదా, సరే అంటే అయిపోయింది, ఇక దేనికి చేస్తుంది ఫోను, ఏమని చేస్తుంది, పిల్ల తల్లి వెళ్ళిపోయే ముందు ఏడుస్తూ ఏదో చెప్తుంటే తను వేలెత్తి, ఒక్క క్షణం, ఫ్రిజ్ మోత మారింది విను, అన్నాడు, ఆవిడ మాట ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టలేదు, ఫ్రిజ్ నిజంగానే పాడైంది, బాగు చేయించాడు, పోనీ పాట చివర్లో గొంతు వణికిందని చెప్తే, వణకలేదే, అబద్ధమాడి పిల్ల గొంతుకు వంక పెట్టడమా, ఛీ, అనుకుంటుండగానే ఫోన్ మోగింది.

నాన్నా, విన్నావా, విన్నానమ్మా, ఎక్కడా చప్పుడు లేదు, ప అన్నప్పుడు మైకుకు గాలి కొట్టేది చూడు, ఆ మూడు చోట్లా పోయింది, అబ్బా, అది కాదు నాన్నా, పాట ఎలా ఉంది, నేనే రాశాను కదా, మాటలు ఎలా ఉన్నాయి, అతను గుర్తు చేసుకోబోయాడు, మాటలు, ఏం మాటలు, పల్లవి ఏమిటి, ప మూడు చోట్ల వస్తుందని తెలుసు, ఏ మాటల్లో వస్తుందో తెలీదు, ఇన్నిసార్లు పెట్టుకుని పిల్ల నిలబడ్డ గదిని విన్నాడు, దుప్పట్లు విన్నాడు, బీరువా విన్నాడు, పిల్లను వినలేదు, సిగ్గుతో చెవులు మండాయి, అయినా నిజమే చెప్పాడు, లేదమ్మా, పాట వినలేదు, ఫోను పెట్టేస్తుందేమో, పెట్టేసినా తప్పు పట్టలేడు, ఇప్పుడు పాడవూ, వింటాను, అన్నాడు, ఫోన్లోనా, హాల్లో ఉన్నాను, అమ్మ టీవీ పెట్టింది, చప్పుడొస్తుంది నాన్నా, అంది.

రానీ, అన్నాడు.