ఏడు నిమిషాలు

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి గనక దిల్ బహదూర్ అక్కడ దిగాడు. తెనాలిలో నూడుల్స్ బండి ఓనరు తరిమేస్తే కనిపించిన రైలెక్కేశాడు. ఏడాదిగా స్టేషన్లోనే పడుకుంటున్నాడు. ఊళ్లోవాళ్లకి అతని పేరు అక్కర్లేదు, గూర్ఖా అంటే చాలు. నేపాల్ నుంచి వచ్చిన ఆ మనిషికి మత్తు సూది అలవాటైంది మాత్రం ఇక్కడే. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

ఆ అలవాటు మాన్పించే సెంటర్లో విజయ నర్సు. రోజూ పొద్దున తొమ్మిదింటికి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి నాలుక కింద మాత్ర పెట్టించేది. అది కరగడానికి ఏడు నిమిషాలు. మాట్లాడితే గొంతులోకి జారి మందు వృథా అవుతుంది. సాయంత్రానికి వణుకు, ఒళ్లునొప్పులు పట్టుకుని మళ్లీ సూది వెతుక్కుంటాడు. ఏం జరిగినా నోరు తెరవద్దని మొదటిరోజే గట్టిగా చెప్పింది. పట్టాల మీద తల పెట్టాలనిపిస్తోందని ఆవేళ ఆమె ముందు ఏడ్చినవాడు నలభై రోజులుగా సూది ముట్టలేదు.

నలభై ఒకటో రోజు మాత్ర పెట్టుకున్న మరు నిమిషమే హనుమంతరావు ఊడిపడ్డాడు, వెనక సగం వీధి. ఆ వీధి పెద్దరికం ఆయనకి ఎవరిచ్చారో తెలీదు గాని, ఆయన మాత్రం వదలడు. సెంటర్ మూయించాలని నెల నుంచి కాచుకుని ఉన్నాడు. ఎవరిదో సైకిల్ పోయిందట, ఇంకేం కావాలి.

"ఎవడ్రా నువ్వు? ఏ ఊరు? సైకిలేదీ?"

దిల్ బహదూర్ గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు.

నోట్లో మందుంది బాబాయ్ గారూ, ఐదు నిమిషాలు ఆగండని విజయ బతిమాలింది. పొగరు చూశారా అని ఆయన వెనకవాళ్లకి చూపించి అతని చెంప ఛెళ్లుమనిపించాడు. ఇంకోటీ వేశాడు. విజయకి ఒళ్లు మండిపోయింది. తను పెట్టిన రూలే ఆ మనిషిని కొట్టిస్తోంది. ఉమ్మేసి మాట్లాడమంటే దెబ్బలు ఆగుతాయి, నలభై రోజులూ మట్టిలో కలుస్తాయి. ఆ మాట అనలేక హనుమంతరావు చెయ్యి పట్టుకుని వేలాడింది.

ఏడు నిమిషాలూ అయ్యాయి. దిల్ బహదూర్ లేచి, రోజూలాగే విజయ ముందుకొచ్చి, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. మాత్ర పూర్తిగా కరిగింది. చిగుళ్లలోంచి నెత్తురు కారుతోంది. ఆమె రిజిస్టర్లో టిక్కు పెట్టింది.

అప్పుడు హనుమంతరావు వైపు తిరిగాడు.

"పేరు దిల్ బహదూర్ సార్. మాది నేపాల్. సైకిల్ నేను తియ్యలేదు. రేపు కూడా తొమ్మిదింటికి వస్తాను. మధ్యలో అడిగితే రేపు కూడా మాట్లాడను."