నాకేం తెలుసుకోవాలని ఉంది

"పేరమ్మగారూ, ఇవాళ ఎవరింట్లో సంబంధం?" అన్నారు మా ఆయన, నేను డబ్బాల్లో అన్నం సర్దుతుంటే.

నా ఉద్యోగం మీద ఆయనకున్న పాత హాస్యం అది. పెళ్ళిళ్ళ పేరయ్యకి ఆడవేషం వేస్తే నేనట. పూర్తిగా అబద్ధమని అనలేను. జిల్లా విద్యాశాఖ ఆఫీసులో నా పని, యూనివర్సిటీలో చదువుల మీద పరిశోధన చేసేవాళ్ళకీ మా బడులకీ పొత్తు కుదర్చడం. ప్రొఫెసర్లకు బడులు కావాలి, బడులకు దారి చెప్పేవాళ్ళు కావాలి. కానీ ఒకరి పేరెత్తితే ఇంకొకరు మొహం తిప్పుకుంటారు. వాళ్ళన్న మాటను వీళ్ళకి ముల్లు తీసి చెప్పాలి, వీళ్ళ విసుగుకు కాస్త చక్కెర అద్ది వాళ్ళకి చెప్పాలి. ఇంట్లో ఆయనకీ అత్తయ్యకీ మధ్య నేను రోజూ చేసేదీ అదే. ఆఫీసులోనైతే జీతమిస్తారు.

"నవ్వొచ్చిందా లేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అన్నారు.

మా ఆఫీసరుగారు ఈ పని నాకు అప్పజెప్పిన రోజు, "మీరైతే ఓర్పుగా చేస్తారు మేడం. ఇలాంటివి ఆడవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు" అన్నారు. ఈ ఆఫీసుకు రాకముందు నేను లెక్కల టీచర్ని. ఓర్పులో నాకు డిగ్రీ ఏమీ లేదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అలా ఆగిపోయిన మాటలు ఎక్కడికి పోతాయో తెలియదుగానీ, సాయంత్రానికి మెడ నరాలు పట్టేసేవి.

కొన్ని నెలలపాటు బడి బడికీ తిరిగాను. వెళ్ళిన ప్రతిచోటా హెడ్మాస్టరు గదిలో ఒక కుర్చీ, ఒక గ్లాసు నీళ్ళు, ఒకే ఫిర్యాదు. అందరికన్నా గట్టిగా ఎదురుతిరిగింది ఊరి చివరి బడి హెడ్మిస్ట్రెస్. స్టోరు గది తాళాలు ఎవరినీ నమ్మి ఇవ్వదు, గుత్తి నడుముకే ఉంటుంది. అందుకని అందరూ ఆవిడను తాళాల మేడం అంటారు. "పోయినసారి వచ్చినవాళ్ళు మా పిల్లలందరినీ ఏవేవో అడిగి, ఫొటోలు తీసుకుని వెళ్ళారు. ఏం తేలిందో మాకు చెప్పినవాడు లేడు. మా పిల్లలేమైనా బొమ్మలా?" అంది. నేను సర్దిచెప్పలేదు. ఆవిడ చెప్పింది నిజం. "ఈసారి చెప్పకపోతే నన్ను అడగండి" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నిన్నడిగితే నువ్వేం చేస్తావ్?" అంది. నా మొహం చూసి జాలిపడిందో ఏమో, మొదటి మీటింగుకు వస్తానంది.

ఆ మీటింగు మా ఆఫీసు మేడమీది హాల్లో జరిగింది. ఒకవైపు యూనివర్సిటీ వాళ్ళు, ఒకవైపు బడుల వాళ్ళు, మా ఆయన అన్నట్టే పెళ్ళిచూపుల్లా ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రొఫెసరుగారు తెరమీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడినంతసేపూ బడుల వైపు ఎవరూ కదల్లేదు. ఇక ఇది తేలదులే అని నేను మనసులో అనుకుంటుండగా, ఆయనతో వచ్చిన పరిశోధకురాలు లేచి తెర ఆపేసింది. నాకన్నా చాలా చిన్నది, గొంతు కూడా సన్నం. "మా ప్రశ్నలు పక్కన పెడదామండీ. మీ బడి గురించి మీకేం తెలుసుకోవాలని ఉందో చెప్పండి. అక్కడినుంచి కలిసి మొదలుపెడదాం" అంది.

బడుల వైపునుంచి ఒకాయన, సెలవులకు ముందు గడగడా చదివిన పిల్లలు తిరిగొచ్చేసరికి అక్షరాలు ఎందుకు తడుముకుంటారో తెలుసుకోవాలని ఉందన్నాడు. ఇంకొకాయన, నా పాఠం పిల్లలకెందుకు నిద్రమాత్రలా పనిచేస్తుందో తెలిస్తే చాలన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో హాలు వదులైంది. కుర్చీలు ముందుకు జరిగాయి. నేను తలుపు దగ్గర నిలబడి, టీలు వచ్చాయా, మైకు పనిచేస్తోందా, ప్రొఫెసరుగారికి చక్కెర లేని గ్లాసు అందిందా అని చూస్తున్నాను.

అందరూ వెళ్ళిపోయాక ఆ అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుంటూ, "మీది చెప్పలేదు" అంది.

"నాదేముందమ్మా. నేను ఏర్పాట్లు చూసే మనిషిని."

"అయినా సరే. మీకేం తెలుసుకోవాలని ఉంది?"

నాకేమీ తట్టలేదు. నవ్వి ఊరుకున్నాను. ఇంటికి బస్సులో వస్తుంటే ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ఎవరూ నన్నేమీ అనలేదు. అయినా తిరిగాయి.

ఆ ప్రశ్న ఇంట్లో నా వెనకే తిరిగింది. తువ్వాలు ఎక్కడ, తాళం ఎక్కడ, పాలు తెచ్చావా, కరెంటు బిల్లు కట్టావా, మీ అమ్మ ఫోన్ చేసిందా. మా ఇంట్లో నన్ను అడగనిది లేదు. అన్నిటికీ నా దగ్గర జవాబు ఉండేది. అన్నీ తెలిసిన మనిషిగా ఇన్నేళ్ళు బతికాక, నాకు తెలియనిదేదో, నేను వెతుక్కోవలసినదేదో ఉండాలన్న సంగతే మరిచిపోయాను. ఒకప్పుడు మరిచిపోలేదు. పరిశోధనకు సీటొచ్చి, యూనివర్సిటీ లైబ్రరీలో ఓ పొడుగాటి బల్ల దగ్గర కూర్చున్న రోజులు కొన్ని ఉన్నాయి. చుట్టూ ఎవరి పుస్తకం వాళ్ళది. ఎవరికీ నాతో పని లేదు. అంత తీరిక, అంత ఆకలి మళ్ళీ ఎప్పుడూ ఎరగను. అంతలో మా అమ్మాయి కడుపున పడింది. "చదువెక్కడికి పోతుందే, దానికేమన్నా కాళ్ళున్నాయా" అంది అత్తయ్య. "తర్వాత నేనే దగ్గరుండి చేర్పిస్తాను" అన్నారు ఆయన. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నేను మనస్ఫూర్తిగానే నమ్మాను. తర్వాత అనేది ఒకటి ఉందనుకుంటూ వచ్చి వచ్చి, అది వెనకాలెక్కడో దాటిపోయిందని తెలిసేసరికి అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చింది.

తర్వాతి నెలలో ఆ పరిశోధకురాలితో కలిసి తాళాల మేడం బడికి వెళ్ళాను. క్లాసుల్లో వెనక కూర్చుని ఊరికే చూడాలి. ముందు నాలుగో తరగతికి వెళ్ళాం. టీచరు ప్రశ్న పూర్తికాకముందే చేతులు లేచాయి. ఆడపిల్లలు బెంచీల మీద మోకాళ్ళు వేసి, టీచర్ టీచర్ నేను అని అరుస్తున్నారు. ఒకతి రెండు చేతులూ ఎత్తింది. తర్వాత ఏడో తరగతి. అక్కడ టీచరు లెక్క బోర్డు మీద రాసి అడిగితే మగపిల్లల చేతులు కొన్ని లేచాయి. మా ముందు బెంచీలో గళ్ళ రిబ్బన్ల పిల్ల ఒకతి ఉంది. లెక్క ఆ పిల్లకు వచ్చు. వేలితో బెంచీ మీద వేసింది, జవాబు పెదవులతో అంది కూడా. నాకు వినబడింది. చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది. ఎవడో తప్పు చెప్పాడు, ఇంకెవడో ఒప్పు చెప్పి మెప్పు పొందాడు. ఆ పిల్ల తల వంచుకుని నోట్సులో టిక్కు పెట్టుకుంది.

మూడేళ్ళ కిందట నాలుగో తరగతిలో అలాగే బెంచీ ఎక్కిన పిల్లే కదా ఈ పిల్ల. ఈ మధ్యలో ఏం జరిగింది? ఏ రోజున జరిగింది? ఎవరైనా ఏమన్నా అన్నారా, ఎవరూ ఏమీ అనకుండానే జరిగిందా? ఆ చేతిని కిందికి దించిందెవరు?

బయటికొచ్చి తాళాల మేడంతో చెప్పాను. ఆవిడ ఆలోచిస్తూ కాసేపు గుత్తి చేతిలో తిప్పింది. "ఈడొస్తోంది, సిగ్గులే అనుకునేదాన్ని. ఇది అడగాల్సిన సంగతని ఎప్పుడూ అనుకోలేదు" అంది. ఆ రోజు బస్సులో నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. వెనక్కి నడిచి వస్తుంటే కాళ్ళకు బరువే లేదు.

రెండో మీటింగుకు మా ఆఫీసరుగారు కూడా వచ్చి కూర్చున్నారు. ఏ ప్రశ్నల మీద కలిసి పనిచేయాలో ఆ రోజు తేల్చాలి. అందరూ మాట్లాడుతున్నారు. పరీక్ష ఫలితాలు, హాజరు, మళ్ళీ ఫలితాలు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నా పెదవులు కదులుతున్నాయని కాసేపటికి తెలిసింది. చెప్పాల్సిన వాక్యం లోపల్లోపలే సాపు చేసుకుంటున్నాను. నా రెండు చేతులూ చీర కొంగును పట్టుకుని ఉన్నాయి. చూసుకుని సిగ్గుపడ్డాను. ప్రొఫెసరుగారు ఇంకేమైనా ఉన్నాయా అంటూ కాగితాలు సర్దుకుంటుండగా, "నాదొకటుందండీ" అన్నాను.

ఆఫీసరుగారు మర్యాదగానే అన్నారు. "మేడం, టీ వచ్చిందేమో చూడండి ఓసారి."

"టీ వస్తుంది సార్. ఇది చెప్పి వెళ్తాను."

చెప్పాను. తడబడుతూనే చెప్పాను. ఒక టీచరమ్మ, "మా బడిలోనూ అంతే" అంది. "మా ఇంట్లోనూ" అంది ఆవిడ పక్కావిడ మెల్లగా. తాళాల మేడం ఆఫీసరుగారి వైపు తిరిగి, "మాకు ఇది కావాలండీ. ఇదుంటే మా బడి ఈ పొత్తులో ఉంటుంది" అంది. టీ చల్లారిపోయాక తాగాం.

ఒప్పందంలో నా ప్రశ్న కూడా చేరింది. అయితే దానికి జిల్లా తరఫున ఒక మనిషి ఏడాదిపాటు క్లాసుల్లో కూర్చోవాలి. ఎవరినైనా కొత్తవాళ్ళను పంపుదాం, మీరు పైనుంచి చూసుకోండి అన్నారు ఆఫీసరుగారు. నేనే వెళ్తానన్నాను. "మీ సీటు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది. రాబోయే ప్రమోషను సంగతి ఆలోచించుకున్నారా?" అని అడిగారు. ఆలోచించుకున్నాననే చెప్పాను.

ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. చెప్పాక మా ఆయన మొహం వైపు చూస్తూ కూర్చున్నాను. ఏం ప్రశ్న, ఏమిటా సంగతి అని అడుగుతారనుకున్నాను. అడిగితే ఆ గళ్ళ రిబ్బన్ల పిల్ల గురించి, బెంచీ మీద కదిలిన వేలి గురించి, అన్నీ చెబుదామని ఎన్నాళ్ళనుంచో దాచుకున్నదానిలా కాచుకుని ఉన్నాను. ఆయనకు చెప్పుకోవాలని నాకెంత ఉందో ఆ నిమిషంలో తెలిసి ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నుంచి నాకు కావలసింది నగలూ కాదు, షికార్లూ కాదు. ఆ ఒక్క మాట.

"ప్రమోషను వదులుకుని పిల్లల బెంచీల మీద కూర్చుంటావా?" అన్నారు ఆయన. మళ్ళీ కాసేపటికి, "మరి పొద్దున్నే డబ్బాలెవరు కడతారు?" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగారు.

అత్తయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"నేను కడతాలే అమ్మా, అందరివీ" అంది మా అమ్మాయి. గబుక్కున అంది, ఎవరూ అడగకముందే. ఇంట్లో ఎక్కడ కాస్త గాలి బిగిసినా తనే వెళ్ళి తలుపు తెరవాలని ఈ పిల్లకు ఎవరు నేర్పారు? నేను కూర్చోబెట్టి నేర్పలేదు. రోజూ చూపించాను, అంతే.

"నీదొక్కటే కట్టుకో" అన్నాను. "నాన్న డబ్బా నాన్న కట్టుకుంటారు. నీకు రేపు పరీక్ష ఉందిగా, వెళ్ళి చదువుకో."

ఆయన నావైపు చూశారు. అది పోట్లాట కాదు. పోట్లాటైతే ఎలా ముగించాలో ఆయనకు తెలుసు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. వెనకే లేచి వెళ్ళాలనిపించింది. కుర్చీ అంచు పట్టుకుని ఉండిపోయాను.

వేసవి సెలవులైపోయి బడులు తెరిచిన సోమవారం ఏడో తరగతికి వెళ్ళాను. పాత పిల్లలు ఎనిమిదికి వెళ్ళిపోయారు, అందరూ కొత్త మొహాలు. వెనక బెంచీలో ఖాళీ ఉంటే కూర్చున్నాను. మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయి. పాఠం నడుస్తోంది. పక్కనున్న పిల్ల నన్ను దొంగచూపులు చూసి చూసి, టీచరు బోర్డు వైపు తిరగ్గానే గుసగుసగా అడిగింది.

"ఆంటీ, మీరు ఎవరి అమ్మ?"

"ఇక్కడ ఎవరి అమ్మనీ కాదు."

"మరి ఎవరి తాలూకు?"

నాకూ గుసగుసే వచ్చింది. "ఎవరి తాలూకూ కాదమ్మా. నాకో సంగతి తెలుసుకోవాలని ఉంది. అందుకని నా అంతట నేనే వచ్చాను."