పగిడయ్య సీటు

మణుగూరు దగ్గరి బొగ్గు క్వారీలో నేను డంపర్ నడుపుతాను. నాకు ముందు దాన్ని నడిపింది పొట్టి మనిషి, పగిడయ్య కాక. వీపు వెనక గోనెసంచి మడిచి పెట్టుకుని ఏళ్ల తరబడి గతుకులు ఓర్చుకున్నాడు. చివరికి నడుం పోయి మంచాన పడ్డాడు. అప్పుడు గానీ మా కాంట్రాక్టరుకు మంచి సీటు వేయించే బుద్ధి పుట్టలేదు.

రోజూ ఆ కొత్త సీటును నా పొడుగు కాళ్లకు సరిపడా వెనక్కి జరుపుకుంటాను. రాత్రంతా బండికి తాళమే. అయినా పొద్దున ఎక్కేసరికి సీటు పగిడయ్య కాక పొట్టి కాళ్లకు సరిపడా ముందుకు జరిగి ఉంటుంది. ఎవడి పని ఇదని మెకానిక్కులను తిట్టిపోశాను.

ఆదివారం కాక ఊరు పినపాక పోయి ఆయన్ను చూశాను. పక్కమీద కదల్లేడు. ఆయన భార్య ఆదెమ్మ తడిగుడ్డతో ఆయన పాదాలు తుడుస్తోంది.

"ఏందో బిడ్డా, రోజూ పొద్దుగాల ఈయన కాళ్లకు బొగ్గుమసి ఉంటంది."

కాక కళ్లు తిప్పి నన్ను చూశాడు.

"సీటు మంచిగుందిరా. గిది అప్పుడే ఏస్తే ఏం పోయేది?"