దారం చుట్టిన వేలు

ఒక చేత్తో మావయ్యగారి వీపు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో తడిగుడ్డ పెట్టి తుడుస్తుండగా చిన్నకోడలి చెవిన పడింది ఆ మాట.

"బిగుసుకుపోయాక తియ్యడం కష్టం. ఊపిరుండగానే తీసేస్తే ఓ పనైపోతుంది."

అన్నది గుమ్మంలో నిలబడ్డ పెద్దకొడుకు, అంటే ఆమెకు బావగారు. తీసేద్దామంటున్నది మావయ్యగారి ఎడమచేతి ఉంగరాన్ని. పొద్దున డాక్టరొచ్చి, ఒళ్ళంతా నీరు చేరుతోంది, ఇక చెప్పలేమన్నాడు. అంతే, మధ్యాహ్నానికల్లా అందరూ దిగిపోయారు. బావగారు గొంతైనా తగ్గించలేదు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషికి చెవులు కూడా పడిపోయాయనుకున్నాడో ఏమో.

ఆ ఉంగరం మామూలుది కాదు. మావయ్యగారు మొదటి మేడ కట్టిన ఏడాది చేయించుకున్నది, చిక్కుడుగింజంత కెంపు. ఆ ఇంట్లో ఆయన ఎవర్నీ పిలిచేవాడు కాదు, బల్ల మీద ఉంగరంతో టకటక కొట్టేవాడు. ఒక టక్కుకి మంచినీళ్ళు, రెండు టక్కులకి కాఫీ. కాపరానికొచ్చిన కొత్తలో ఆమెకిది వింతగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. కుడివైపంతా చచ్చుబడ్డాక కూడా మంచం ఇనపకడ్డీ మీద ఎడమచేత్తో కొడుతూనే ఉన్నాడు. ఆ చప్పుడికి తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చేది.

పెళ్ళికి ముందు ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. ఎమర్జెన్సీ వార్డులో, నెత్తురోడుతూ వచ్చినవాళ్ళను తల్లికన్నా ముందు ముట్టుకునే ఉద్యోగం. మావయ్యగారు ఒక్కమాటతో మాన్పించాడు. "మనింటి కోడలు పరాయివాళ్ళ మలమూత్రాలెత్తి జీతం తెచ్చుకోవాల్సిన ఖర్మేం పట్టింది?" మొగుడు పక్కనే నిలబడి, "నాన్నగారు అంత చెబుతున్నప్పుడు గొడవెందుకు?" అన్నాడు. ఆ ఖర్మేదో ఆయన మంచాన పడ్డాక ఇంటికే వచ్చింది. ఒక నర్సుని పెడదామంటే ఆ మొగుడే, "బయటి మనిషికి అంతంత పొయ్యడం దండగ. ఇంట్లో నర్సుండగా" అన్నాడు. అద్దెలొచ్చే మేడలు నాలుగున్న ఇంట్లో దండగన్నది ఆ ఒక్క ఖర్చే. మూడేళ్ళుగా ఆమె ఒంటికి డెట్టాల్ వాసన అంటుకునే ఉంది. మొగుడు అదే వాసనని పక్కలో పడుకున్నప్పుడు ఈసడించుకుంటాడు.

మావయ్యగారి ఒళ్ళు తుడిచి ఆమె లేచేసరికి ఆడపడుచు సబ్బు పట్టుకుని తయారైంది. వేలికి నురగ పట్టించి మెలితిప్పింది. మావయ్యగారి గొంతులోంచి మూలుగొకటి వచ్చింది. "నొప్పేం తెలీదులే ఆయనకి" అంటూ నూనె రాసి మళ్ళీ తిప్పింది. ఉంగరం కదల్లేదు గానీ చర్మం కదిలింది. కత్తిరించేద్దామంటే బావగారు ఒప్పుకోలేదు, "కత్తిరిస్తే తరుగు పోతుంది, చెడిపోతుంది" అన్నాడు. పోతున్నది మనిషైతే, ఆయన బెంగ తరుగు గురించి.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. "అవునూ, నువ్వు నర్సువి కదమ్మా" అన్నాడు బావగారు, ఎన్నడూ లేని ఆప్యాయతతో. "ఇలాంటివి ఎన్ని తీసుంటావో. నువ్వు తియ్యి."

ఎన్నో తీసింది. పోయిన వారం వేలు కమిలినట్టు కనబడినప్పుడే తీసేస్తానంది కూడా. "ఆయన ప్రాణమంతా అందులోనే ఉంది, ముట్టుకోకు" అని కసిరాడు మొగుడు. ఇప్పుడు వేలు నీలంగా మారింది, ఇంకో పూట ఆగితే కుళ్ళుతుంది. వీళ్ళ కోసం కాదు, వేలి కోసం తియ్యాలి. కుట్టుపెట్టెలోంచి పట్టుదారం తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది.

ఆయన పిడికిలి బిగించాడు.

అందరూ అనుకుంటున్నట్టు తెలివి లేకపోవడమేం కాదు, అన్నీ తెలుస్తున్నాయి. "మావయ్యగారూ, వేలు పాడైపోతోంది. నేనే తీస్తున్నాను, నొప్పి పెట్టను" అంది చెవి దగ్గర వంగి. కాసేపటికి పిడికిలి విచ్చుకుంది. తన మాట విన్నాడు. ఆ క్షణంలో ఆమెకు కూడా ఒక ఆశ పుట్టింది. ఈ ఉంగరం నీకేనమ్మా అన్నట్టు ఒక్క సైగ చేస్తాడేమోనని ఆ మొహంలోకి చూసింది. చూస్తున్నానని తెలిశాక తనమీద తనకే రోత పుట్టింది. ఛీ, నేనూ ఈ మందలో మనిషినైపోయానా అనుకుంది.

దారం కొసని ఉంగరం కిందనుంచి దూర్చి, మిగతాది కణుపు దాటేదాకా ఒత్తుగా, వరస తప్పకుండా చుట్టింది. తర్వాత దూర్చిన కొస పట్టుకుని నెమ్మదిగా విప్పుతూ పోయింది. ఒక్కో చుట్టు విడిపోతుంటే ఉంగరం ఒక్కో మెట్టు దిగినట్టు ముందుకు జరిగింది. చివరికి ఆమె అరచేతిలో పడింది. దాని లోపలి అంచుకి కాస్త చర్మం అంటుకుని ఉంది.

వేలు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. మూడు చేతులు మాత్రం ముందుకొచ్చాయి.

"పెద్దకొడుకుది, ఇలా ఇవ్వు."

"అమ్మ పోయేటప్పుడు నాకిస్తానన్నాడు నాన్న. కావాలంటే అడగండి" అంది ఆడపడుచు, మాట పడిపోయిన మనిషిని చూపించి.

"ఎలా అడుగుతారే?" అన్నాడు చిన్నకోడలి మొగుడు. "మూడేళ్ళుగా చూసుకుంటున్నది మేము. ఒక్కపూటైనా వచ్చి చూశారా మీరు?"

మేమట. ముక్కుకి రుమాలు లేకుండా ఆ గడప తొక్కని మనిషి. చెంచాడు జావైనా తండ్రి నోట్లో పొయ్యని మనిషి. తన చాకిరీని మొగుడెప్పుడూ లెక్కలోకి తీసుకోడనుకునేది ఇన్నాళ్ళూ. పొరపాటు, తీసుకున్నాడు, తన పేరు మీద.

అంతలో గదిలో కంపు లేచింది. మావయ్యగారికి పక్కలోనే అయిపోయింది. ముగ్గురి చేతులూ ముక్కుల మీదికి పోయాయి.

ఆమె ఉంగరాన్ని మందుల స్టూలు మీద పెట్టింది. "ఎవరికి కావాలో వాళ్ళు ఈ ఒక్కపూట ఆయన్ని శుభ్రం చేసి తీసుకోండి. గ్లోవ్స్ అక్కడున్నాయి" అంది.

ఆడపడుచు కిటికీవైపు తిరిగింది. చివరికి బావగారు, "ఒక నర్సుని పెట్టేద్దాం. ఎంతైనా నేనిస్తాను" అన్నాడు. మూడేళ్ళుగా దొరకని డబ్బు ఒక్క నిమిషంలో దొరికింది. అంటూనే ముక్కుకి అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి, దాంతోనే ఉంగరాన్ని పట్టి చుట్టి, జేబులో వేసుకుని హాల్లోకి నడిచాడు. మిగతా ఇద్దరూ వెనకే పోయారు. తగువు సోఫాలోకి మారింది.

ఆమె తలుపు దగ్గరగా వేసి, గ్లోవ్స్ తొడుక్కుంది. పడి ఉన్న మనిషిని అలా వదిలెయ్యడానికి చేతులు రావు. కడిగింది, తుడిచింది, పొడి బట్ట మార్చింది, వేలికి మందు రాసింది. ఆయన కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. తన కోసమేమోననుకుని దగ్గరికి వంగింది. ఆయన చూపు ఆమెని దాటుకుని తలుపు మీదుంది, ఉంగరం పోయిన దారి మీద.

ఆమె వెనక్కి జరిగాక ఎడమచేయి లేచింది. బోసివేలు కడ్డీ మీద ఒక్కసారి పడింది. చప్పుడు రాలేదు. ఆమె మంచినీళ్ళు పట్టి, మూతి తుడిచి, బయటికొచ్చి మోచేతులదాకా సబ్బు పెట్టి కడుక్కుంది. తర్వాత ఫోను తీసి పాత హెడ్ నర్సుకి చేసింది. రేపే రమ్మన్నారు.

ఆమె సంచీలో బట్టలు సర్దుతుంటే మొగుడొచ్చాడు. తగువులో ఓడినట్టున్నాడు, మొహం మాడిపోయి ఉంది. "ఎక్కడికి?"

"ఆసుపత్రికి, ఉద్యోగానికి. పక్కనే హాస్టల్లో ఉంటాను. మీ అన్నయ్యగారు పెట్టే నర్సుకి మందుల వేళలు నేనే చెబుతాను."

"నీకేమైనా పిచ్చా? ఇంట్లో మనిషిని వదిలేసి పరాయివాళ్ళకి చెయ్యడానికి పోతావా?"

ఆమె సంచీ జిప్పు లాగింది.

"ఇన్నాళ్ళూ చేసింది పరాయివాళ్ళకేనండీ. జీతమే లేదు."