హెల్‌బ్రింక్ సభలో చదివిన పేర్లు

హెల్‌బ్రింక్ ఉక్కు కంపెనీకి నూట పాతికేళ్లు నిండబోతున్నాయని చరిత్ర పుస్తకం రాయించారు. అందులో రెండో ప్రపంచ యుద్ధకాలానికి దక్కింది ఒకే ఒక్క వాక్యం: "ఆనాటి రికార్డులు బాంబుదాడిలో కాలిపోయాయి."

అది చదివి గెర్లిండ్ శొట్టెకి ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లుగా కంపెనీ రికార్డు గదిని చూస్తున్నది ఆమే. కిందటి చలికాలం కంపెనీ పాత ఆసుపత్రి నేలమాళిగ ఖాళీ చేయిస్తుంటే, బొగ్గుకుప్ప వెనక పధ్నాలుగు చెక్కపెట్టెలు బయటపడ్డాయి. నిండా రోగుల కార్డులు. పోలండ్ నుంచి, ఉక్రెయిన్ నుంచి యుద్ధంలో పట్టుకొచ్చి కొలిమి ముందు వెట్టిచాకిరీకి నిలబెట్టిన రెండు వేల నూట నలభై మందివి. పేరు, ఊరు, వయసు, జబ్బు.

పై అధికారికి చూపిస్తే ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"యాభై ఏళ్ల నాటి గోడు. ఇప్పుడు తవ్వి తలకెత్తుకోవడం దేనికండీ? ఎక్కడివక్కడ పెట్టించేయండి."

ఆమె పెట్టించింది. అయితే అంతకు ముందే మూడు వారాలు కూర్చుని పేర్లన్నీ టైపు చేసుకుంది. తర్వాత బ్యాంకుకెళ్లి కంపెనీ షేరు ఒక్కటి కొంది. ఒక్క షేరున్నా వాటాదారుల సభలో లేచి మాట్లాడొచ్చు. ఉద్యోగం పోతుందని తెలుసు. తెలిసే కొంది.

జూన్‌లో హాగెన్ పట్టణంలో సభ. హాలు నిండా రిటైరైన కార్మికులు. తలా నాలుగు షేర్లూ పెట్టుకుని, ఏటా ఆ పూట పెట్టే సాసేజీలూ బంగాళాదుంప సలాడూ తినడానికి వచ్చేవాళ్లే చాలామంది. గెర్లిండ్ మైకు ముందుకొచ్చి కాగితాల కట్ట విప్పింది.

"రికార్డులు కాలిపోలేదు. ఇవిగో. హాన్నా మెల్నిక్, పదిహేడేళ్లు, పోల్తవా. కుడిచేతి రెండు వేళ్లు తెగాయి. స్తెపాన్ బోయ్‌కో, పందొమ్మిదేళ్లు, ఆకలివాపు..."

అయిదు నిమిషాలకి అధ్యక్షుడు డాక్టర్ ట్రెస్కె గంట కొట్టాడు. "మీ సమయం అయిపోయిందమ్మా." మైకు మూగబోయింది.

మూడో వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. నలభై ఏళ్లు క్రేన్ నడిపిన అల్ఫోన్స్ వీచోరెక్.

"నా పేరు రాసుకో అధ్యక్షా. నాకూ అయిదు నిమిషాలున్నాయిగా?" అంటూ వచ్చి ఆమె చేతిలోని కాగితాల కోసం చెయ్యి చాచాడు. "ఇటివ్వమ్మా. నా ఇంటిపేరూ పోలండ్‌దే, దాన్ని తప్పుల్లేకుండా రాయడం మీ ఆఫీసుకి నలభై ఏళ్లయినా రాలేదు. ఈ పేర్లకి నా నోరే తిరుగుతుంది."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పదిహేనో ఏట నేనిక్కడ పనిలో చేరా. వీళ్లు నా పక్కనే ఉండేవాళ్లు. ఒక్కరి పేరూ అడగలేదు. 'ఏయ్' అని పిలిచేవాళ్లం, అంతే."

తర్వాత ఇంకెవరూ నవ్వలేదు. ఆయన గంట మోగేదాకా చదివాడు. ఆయన వెనక ఇంకొకరు నిలబడ్డారు, ఆ వెనక మరొకరు. భోజనాలు వడ్డించారని చెప్పినా ఎవరూ కదల్లేదు. బల్లల మీద సాసేజీలు చల్లారిపోయాయి.

మూడింటికి ముందువరసలోంచి మేడమ్ హెల్‌బ్రింక్ లేచింది. కంపెనీ పెట్టినాయన మునిమనవరాలు, అందరికంటే పెద్ద వాటా ఆవిడదే. నేరుగా వెళ్లి వరసలో అందరి వెనకా నిలబడింది.

ట్రెస్కె ముఖం పాలిపోయింది. "మేడమ్, మీరు వేదిక మీదికే రావచ్చు..."

"వద్దు. నా వంతు రానీండి. ఈలోగా మీరు ఆలోచించుకోండి, ఆ పుస్తకం చించేస్తారా, నన్ను చించమంటారా?"

హాలు దద్దరిల్లింది. ముసలివాళ్లు బల్లలు గుద్దారు. ట్రెస్కె రెండు నిమిషాలు పక్కవాళ్లతో గుసగుసలాడి లేచాడు. పుస్తకం తిరిగి రాయిస్తామన్నాడు. పేర్లన్నీ అచ్చు వేయిస్తామనీ, రికార్డు గది అందరికీ తెరుస్తామనీ, బతికున్నవాళ్లని వెతికిస్తామనీ ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. ఓటుకి చేతులెత్తమంటే అడవిలా లేచాయి.

"సరే, మంచిది," అంది గెర్లిండ్. "పేర్లు ఇంకా మిగిలున్నాయి. చదువుదాం."

ఆఖరి పేరు చదివేసరికి ఆరయింది. అందరూ నిలబడే ఉన్నారు.

ఆమెని ఉద్యోగంలోంచి తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అక్టోబరులో కీవ్ నుంచి మొదటి అతిథి వచ్చింది. ఓక్సానా అనే డెబ్భై నాలుగేళ్ల మనిషి. కార్డు మీద తన పేరు వేలితో తడిమి చూసుకుని, నిటారుగా లేచి నిలబడింది.

"ఆ కొలిమి ఇంకా ఉందా? పదండి, చూపించండి. ఈసారి నేను ముందు నడుస్తా."