మూడోనాటి జవాబు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా, నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలిపోనీ.

మా అక్క కోడలు బస్టాండులో మైకు దగ్గర పనిచేసేది. ఏ బస్సు ఎక్కడుందో గడగడా చెప్పే పిల్ల, కాన్పయ్యాక నత్తనడకకి దిగింది. మొహం ఉబ్బింది, దేనిమీదా మనసు లేదు. మాటైతే మరీ! అడిగితే పెదాలు కదిలేవి, చప్పుడుండేది కాదు. ఆ జవాబు మూడోనాడు, అడిగిన చోటే, గాల్లోంచి తీరిగ్గా వినిపించేది. ఊళ్ళో సగం జనం ఎప్పుడో వెళ్ళిపోయిన బస్సుల వెనకాల పరుగెత్తి చెప్పులరగదీసుకున్నారు.

ఇంట్లో ఇంకా గోల. మొగుడు స్నానాలగదిలోంచి "తువ్వాలేదే?" అని అరిచిన మూడోనాడు, మా బావగారు ఒంటినిండా సబ్బుతో ఉండగా, చెవి పక్కనే "తెచ్చానండీ, తలుపు తీయండి" అని వినిపించింది. ఆయన సబ్బుతోనే కిటికీలోంచి దూకారు.

"దానికి పొగరే!" అంది మా అక్క.

"జబ్బేమో అక్కా."

"జబ్బు మనిషి అలా లావెక్కుతుందటే?"

మనోవ్యాధుల డాక్టరిచ్చిన దిగులు మాత్రలు గంపెడు మింగినా గుణం లేదు. ఆఖరిసారి ఆయన "ఏమవుతోందమ్మా నీకు?" అని పదిసార్లు అడిగాడు. పెదాలు కదిలాయంతే. "శుక్రవారం ఆసుపత్రిలో చేర్చండి, చంటిదాన్ని ఇంట్లోనే ఉంచండి" అనేశాడు. ఆ తల్లి ఏడుపు కూడా ఆ గదిలో ఎవరికీ వినబడలేదు.

మూడోనాడు, గురువారం, అదే కుర్చీలో ఓ పహిల్వాను కూర్చుని నిద్ర పట్టట్లేదని చెప్పుకుంటున్నాడు. అతని ఒళ్ళోంచి సన్నటి ఆడగొంతు!

"చలండీ. మండుటెండలోనూ చలే. జుట్టు దోసిళ్ళకొద్దీ ఊడుతోంది. గొంతుకేదో అడ్డం. పాపని ఎత్తుకోవాలనే ఉంది, చేతులే లేవట్లేదు."

పదిసార్లడిగాడుగా, పదిసార్లూ వినిపించింది. వెనకాలే ఏడుపు. పహిల్వాను కూడా భోరుమన్నాడు. డాక్టరు కలం పడేసి ఫోనెత్తాడు.

"రేపు చేర్చకండి. ముందు థైరాయిడ్‌కి రక్తపరీక్ష చేయించండి. తెగులు గొంతులో ఉంటే నేను మనసులో వెతికాను."

"ఇంతోటిదానికి ఇన్నాళ్ళా!" అని మా అక్క తిట్టిన తిట్లకి ఫోను సొట్టపోయింది.

రోజూ పరగడుపున ఆవగింజంత మాత్ర. నెలలు గడిచేసరికి పాప చంకెక్కింది, మైకు చేతికొచ్చింది, అత్త ప్రశ్న సగంలో ఉండగానే జవాబు తయారు. అది ఓర్వలేకో ఏమో, మా అక్క "బాగయ్యాక మందెందుకే?" అని మాన్పించి రెండు నెలలయిందట!

పొద్దున్న ఆ పిల్లని "టీ చల్లారిందేమే?" అని అడిగాను. పొద్దువాలింది. ఇంకా జవాబు రాలేదు.

నోరెళ్ళబెట్టుకు వింటావేమే అమ్మాయ్? ఇదిగో చీటీ, మందుల షాపు కట్టేసేలోగా పరుగెత్తు! మాత్రలు మా అక్క చేతికి మాత్రం ఇవ్వకు.