కునుకు మూల

మా బడిలో ఏ పాఠమైనా దేవుడి వాక్యం ఒకదానితోనే మొదలవ్వాలి. బడి ప్రార్థన మందిరం వాళ్ళది కాబట్టి అది అక్కడి నియమం. లెక్కల మాస్టారు నల్లబల్ల మీద పైన వాక్యం రాసి, పిల్లల చేత చదివించి, దాని కింద అడ్డగీత గీసి లెక్క మొదలుపెట్టేవారు. "గీతకి పైన దేవుడు, కింద లెక్కలు. ఇద్దరికీ ఏ తగాదా లేదు," అని నవ్వేవారు.

సైన్స్ చెప్పడానికి నన్ను పిలిచినప్పుడు, అలా గీత గీసి చెప్పడం నాకు రాదన్నాను.

"మరెలా చెప్తావమ్మా?" అన్నారు కమిటీ సెక్రటరీగారు.

"పాఠంలోంచే చెప్తానండి."

"ఏంటీ? కాస్త గట్టిగా."

నా గొంతు చిన్నది. మళ్ళీ అదే గొంతుతో చెప్పాను. ఈసారి ఆయనే ముందుకు వంగి విన్నారు. విని, పక్కనున్న పెద్ద టీచరుగారి వైపు చూశారు. మా బడికి పెద్ద ఆవిడే. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం చదివీ చదివీ మాకూ విసుగొచ్చిందిలెండి. చూద్దాం," అన్నారు.

అలా చేరాను. కాకపోతే టర్ము ముగిసేలోగా కమిటీ ముందు ఒక పాఠం చెప్పాలి. పాఠం వాళ్ళకి నచ్చితే ఉంటాను. నచ్చకపోతే పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి నాకే కాదు, పిల్లలకి కూడా తెలుసు. "టీచర్, మీరు పాసవుతారా?" అని గువ్వ మొదటి వారమే అడిగింది. తరగతిలో అందరికంటే చిన్నగా ఉండి, అందరికంటే ఎక్కువ మాట్లాడుతుందని ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టారు.

"అవుతాను," అన్నాను.

వారానికోసారి మందిరంలో ప్రార్థన ఉంటుంది. బోధ చేసేది పెద్దయ్యగారు. మనిషి మంచివారు. జబ్బుపడ్డ వాళ్ళింటికి ఎవరూ పిలవకముందే వెళ్ళి మంచం పక్కన కూర్చుంటారు. మైకు మాత్రం ఒప్పుకోరు. "దేవుడిచ్చిన గొంతుండగా ఆ ఇనపగొట్టం ఎందుకు?" అంటారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఖాళీ ఉందని ముందు వైపు ఎడమ మూలకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ ఒక దర్జీ, చంటిపిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు, గువ్వ వాళ్ళ నాయనమ్మ ఉన్నారు. బోధ మొదలైంది. పెద్దయ్యగారు పలకరిస్తే అందేంత దగ్గరలోనే ఉన్నాం, అయినా నాకు ఒక్క వాక్యం తిన్నగా అర్థం కాలేదు. మాట మీద మాట వచ్చి పడుతోంది, బేరం దగ్గర ఇద్దరు ఒకేసారి మాట్లాడినట్టు. కాసేపు చెవులు రిక్కించాను. తర్వాత అలసిపోయాను. అలిసిన చెవులకి ఆ రొద జోలపాటలా ఉంటుంది. పక్కన దర్జీ తల అప్పటికే వాలిపోయింది.

అంతలో పెద్దయ్యగారు బోధ ఆపి మా వైపు వేలు చూపించారు. అది మాత్రం చూసి తెలుసుకున్నాను. అవతలి వాళ్ళంతా నవ్వుతున్నారు. బయటికొచ్చాక గువ్వ చెప్పింది: "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని, కునుకు మూలకి ఇంకా తెల్లారలేదు, అన్నారు టీచర్. ప్రతివారం ఏదో ఒకటి అంటారు. మా నాయనమ్మని కూడా కలిపేస్తారు." చివరి మాట నేల చూస్తూ అంది.

మరుసటి వారం నేను అక్కడికి మూడు బల్లలు వెనక కూర్చున్నాను. ప్రతి మాటా మంచినీళ్ళలా వినిపించింది. ఆ తర్వాత వారం కుడివైపు కూర్చున్నాను. అక్కడా బాగానే ఉంది. మళ్ళీ మూలకి వెళ్తే మళ్ళీ రొద. అప్పుడు తిరిగి చూస్తే మందిరం వెనక గోడ కనిపించింది. నున్నటి గచ్చు గోడ, గిన్నె లోపలి వైపులా వంపు తిరిగి ఉంది.

మా పుస్తకంలో తర్వాతి పాఠం ధ్వని. ఆ పాఠమే కమిటీ ముందు చెప్తానని, మందిరంలో చెప్తానని అడిగాను.

"మందిరమేమన్నా ప్రయోగశాలా?" అన్నారు సెక్రటరీగారు.

"వినడం గురించి పాఠమండి. మనం వినడానికి చేరేది అక్కడే కదా."

ఆయన ఒప్పుకున్నారు, రెండు షరతులతో. ముందుగా వెళ్ళి అక్కడ ఏమీ చేసి చూడకూడదు, ఏం చేసినా ఆ ఒక్కరోజే. పాఠంలో వాక్యం ఉండి తీరాలి. నేను సరేనన్నాను. వాక్యాన్నే ప్రయోగానికి వాడదామనుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను.

ఆ రోజు కమిటీ వాళ్ళు ముందు బల్లల మీద కూర్చున్నారు. పెద్దయ్యగారు కూడా వచ్చారు. పిల్లల్ని మందిరమంతా చెదరగొట్టి కూర్చోబెట్టాను. గువ్వనీ ఇంకో నలుగురినీ కునుకు మూలలో ఉంచాను. తరగతిలో పెద్ద గొంతున్న అమ్మాయి వేదిక ఎక్కి ఒక వాక్యం చదివింది. ఎవరికి ఏం వినిపించిందో వాళ్ళు పలకల మీద రాయాలి.

రాశారు, పలకలు ఎత్తారు. మూలలో ఐదు పలకల మీదా వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది.

సెక్రటరీగారు వెనక్కి ఆనుకున్నారు. "ఇంకేం! బ్రహ్మాండంగా వినిపిస్తోంది. మందిరంలో లోపం లేదమ్మా, లోపం మనుషుల్లో ఉంది. ఇక పాఠం ముగించుకోవచ్చు."

లెక్కల మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి నా వైపు జాలిగా చూశారు. నాకు మాత్రం గోడ వంపు కళ్ళముందే ఉంది. గోడ అబద్ధం చెప్పదు, నేను వారం వారం మారి కూర్చుని విన్నదీ అబద్ధం కాదు. మరి తప్పు నేను అడిగిన తీరులో ఉండాలి. మూల దగ్గరికి వెళ్ళాను.

"గువ్వా, నీకు ఎంతవరకు వినపడింది?"

"మొదటి మాట టీచర్."

"మరి మిగతాది?"

"మిగతాది వినడమెందుకు? వచ్చు కదా. చెయ్యి దానంతటదే రాసేసింది."

పక్కనున్న కుర్రాడు కూడా తలూపాడు. "నాకు మొదటి మాట కూడా పూర్తిగా వినపడలేదు టీచర్. ఆ అమ్మాయి గొంతెత్తిన తీరుని బట్టి అదేననుకున్నా."

నవ్వొచ్చింది నాకు. ఇక్కడి పిల్లలు నడక రాకముందు నుంచీ వాక్యాలు వల్లె వేసినవాళ్ళు. వాళ్ళ చెవుల్ని పరీక్షించబోయి జ్ఞాపకాన్ని పరీక్షించాను.

కమిటీ వైపు తిరిగాను. "ప్రయోగం తప్పు పెట్టానండి. కంఠతా వచ్చినదాంతో వినికిడి తెలీదు. ఎవరికీ తెలియని మాట ఒకటి కావాలి."

"నేను చెప్తాను," అంటూ పెద్దయ్యగారు లేచారు. మెట్లెక్కుతూ ఆగి, తనలో తను అనుకున్నట్టు అన్నారు: "అయినా నేను చెప్పేవన్నీ వీళ్ళకి వచ్చినవే కదమ్మా."

"అయితే ఏదైనా పని చెప్పండి. లేవమనో, కూర్చోమనో. అందరూ ప్రార్థనకి మూసుకున్నట్టు కళ్ళు మూసుకుంటారు. ఒకర్ని చూసి ఒకరు చెయ్యడానికి వీలుండదు."

"నేనూ కూర్చుంటాను," అన్నారు సెక్రటరీగారు. "ఆ మూలలోనే. నాకు చెవుడు లేదు, నిద్రా రావట్లేదు. తేలిపోతుంది." గువ్వ పక్కకి జరిగి చోటిచ్చింది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. పెద్దయ్యగారు ఎప్పటి గొంతుతోనే మొదలుపెట్టారు. "కుడి చెయ్యి పైకెత్తండి." మందిరమంతా చేతులు లేచాయి. "ఎడమ చేత్తో చెవి పట్టుకోండి." పట్టుకున్నారు. "అలాగే లేచి నిలబడండి." నిలబడ్డారు. పెద్ద టీచరుగారు కూడా చెవి పట్టుకుని, చెయ్యెత్తి నిలబడ్డారు.

కునుకు మూలలో గువ్వ చెయ్యి సగం లేచి, అనుమానంగా దిగిపోయింది. మిగతా వాళ్ళు కదల్లేదు. సెక్రటరీగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుని ఉన్నారు. ముఖం నిండా భక్తి.

పెద్దయ్యగారు ఆ మూల వైపు చూశారు. తర్వాత అన్నారు: "అందరూ కళ్ళు తెరవండి."

తెరిచి చూశారు. మూల వాళ్ళకి ఆ మాటా అందలేదు. సెక్రటరీగారు ఇంకా కళ్ళు మూసుకునే, తర్వాతి ఆజ్ఞ కోసం శ్రద్ధగా ఎదురుచూస్తున్నారు. పిల్లలు నోళ్ళు మూసుకున్నారు కానీ భుజాలు ఎగురుతున్నాయి. చివరికి లెక్కల మాస్టారు వెళ్ళి ఆయన భుజం తట్టారు.

కళ్ళు తెరిచి, నిలబడి చెవులు పట్టుకున్న మందిరాన్ని చూసి, "ఏమైంది? నన్నెందుకు లేపారు?" అన్నారాయన. ఆ తర్వాత నవ్వులు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

అసలు పాఠం అప్పుడు మొదలైంది. వేదిక మీద ఒకడు రెండు చెక్కముక్కలు టక్కున కొట్టాడు. పిల్లలు మందిరమంతా నడుస్తూ విన్నారు. మధ్యలో ఒక్క టక్కు. మూలకి వచ్చేసరికి ఒకటి సన్నగా, వెంటనే ఇంకొకటి దానికంటే గట్టిగా. రెండోది ఎటు నుంచి వస్తోందని అడిగాను. అందరూ వెనక గోడ చూపించారు. పెద్దయ్యగారి ముఖం ఎదురుగా ఉంటుంది కాబట్టి గొంతు తిన్నగా వెనక్కి పోతుంది. పక్కనున్న మూలకి తక్కువ అందుతుంది. వెనక్కి పోయినదాన్ని వంపు గోడ పోగుచేసి, దోసిలితో విసిరినట్టు ఆ మూలకే విసురుతుంది. ఇదంతా నేను చెప్పలేదు. నేను అడుగుతూ పోయాను, వాళ్ళే చెప్పారు. దోసిలి అన్న మాట కూడా వాళ్ళదే.

"గోడ పడగొట్టాలా టీచర్?" అన్నాడొకడు, ఆశగా.

"మెత్తటిదేదైనా అడ్డుపెడితే?" అంది గువ్వ.

నడవాలో పరిచే తివాచీ సామాన్ల గదిలో చుట్టి ఉంది. పిల్లలు మోసుకొచ్చారు. బల్లలెక్కి, గోడ పొడుగునా దాన్ని పట్టుకుని నిలబడ్డారు. దుమ్ముకి తుమ్ములు. తుమ్ములు ఆగాక చెక్కలు కొట్టాం. రెండో టక్కు పూర్తిగా పోలేదు కానీ బాగా నీరసపడింది.

పెద్దయ్యగారు మెట్లు దిగి, వచ్చి కునుకు మూలలో కూర్చున్నారు. "ఎవరైనా అక్కడ నిలబడి మాట్లాడండి. వాక్యం వద్దు. నాకు తెలియనిదేదైనా."

గువ్వ వెళ్ళింది. వేదిక మీద బల్ల వెనక తల మాత్రమే కనిపిస్తోంది.

"మా నాయనమ్మ ఆ మూలలోనే కూర్చుంటుంది," అంది. "ఎప్పుడూ నిద్రపోలేదు. కళ్ళు మూసుకుంటే బాగా వినపడుతుందేమో అని మూసుకుంటుంది. మీరు తిట్టినప్పుడు అందరూ నవ్వుతారు కదా, ఎందుకు నవ్వారే అని ఇంటికొచ్చి నన్ను అడుగుతుంది. నేను చెప్పను."

పెద్దయ్యగారు తల వంచుకుని కూర్చున్నారు. "వినపడిందమ్మా," అన్నారు. "ప్రతి మాటా వినపడింది."

పిల్లల్ని తరగతికి పంపాక కమిటీ అక్కడే కూర్చుంది. సెక్రటరీగారు గొంతు సవరించుకుని, "అంతా బాగుంది. కానీ చదివించిన వాక్యం ప్రయోగంలో పనికిరాకుండా పోయింది. మరి ఈ పాఠంలో దేవుడెక్కడున్నాడని రాయను?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

"ఒక ముసలావిడ మీద పడ్డ నింద ఈ పూట తప్పిందండి," అన్నాను. "పిల్లలు నిజం కనుక్కోబట్టి తప్పింది. నిజం వెతకడం ఒకటీ, పక్కవాళ్ళ మంచి చూడటం ఇంకొకటీ అని నేను నేర్పలేను. రెండూ ఒకటే పనని వాళ్ళు ఇవాళ చేసి చూశారు. అదే రాయండి."

ఈసారి గట్టిగా చెప్పమని ఎవరూ అడగలేదు.

"ఈ అమ్మాయి మన బడిలోనే ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి," అన్నారు పెద్ద టీచరుగారు. అందరికంటే ముందు లేచింది సెక్రటరీగారి చెయ్యి. "ఇది బాగానే వినపడింది," అన్నారాయన, ఎటో చూస్తూ.

తర్వాతి ప్రార్థన నాటికి వెనక గోడకి మందపాటి తెరలు వేలాడుతున్నాయి. పెద్దయ్యగారు వేదిక ఎక్కి బోధ మొదలుపెట్టలేదు. ఎడమ వైపు తిరిగారు. "ఇన్నేళ్ళూ మీకు వినిపించకుండా మాట్లాడి, వినలేదని మిమ్మల్నే తిట్టాను. నన్ను క్షమించాలి. ముందుగా ఆ పెద్దావిడ క్షమించాలి."

గువ్వ నాయనమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది, మాట తనకేనా అన్నట్టు. తనకేనని తెలిశాక, "దానికేముంది బాబూ," అంది. "ఇంతకీ ఏం తిట్టేవాళ్ళు?"

మనవరాలు ఆవిడ చెవిలో చెప్పింది. ఆవిడ పకపకా నవ్వింది. పక్కనున్న దర్జీ మాత్రం ఇబ్బందిగా కదిలి, లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆవిడ సంగతేమో కానీ, నేను నిజంగానే నిద్రపోయేవాణ్ణి. నాకు క్షమాపణ అక్కర్లేదు."

"ఈ వారం నుంచి నిద్ర పట్టదులే, కూర్చో," అన్నారు పెద్దయ్యగారు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఉండే పుస్తకం ఆ రోజు మూసే ఉంది. వారమంతా ఆలోచించి వచ్చినట్టున్నారు. నేను మూలలో నాయనమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నోరు తెరిచారు. మొదటి వాక్యానికి నా వెనక బల్లలోని పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది వాళ్ళకి రాదు.